ఇంటితోపాటు సిలిండరూ మనదేనా?

ఇల్లు కొన్న ఒక సోదరునికి వంటింట్లో రెండు గ్యాస్ సిలిండర్లు కనిపించాయి. "ఇంటి వెల కట్టాను, లోపలున్నదంతా నాదే" అని వాడుకున్నారు. నెల తర్వాత అమ్మినవారు వచ్చి సిలిండర్ల ధర అడిగారు. మాటా మాటా పెరిగి ఇద్దరూ మా వద్దకు వచ్చారు.

హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం ఇల్లు అమ్మితే కట్టడమూ, బిగించిన తాళాల చెవులూ విడిగా పేర్కొనకపోయినా అమ్మకంలో చేరతాయి. తీసుకుపోగలిగిన సామాను ఒప్పందంలో చెబితేనే చేరుతుంది. కనుక సిలిండర్లు కొన్నవారివి కావు. అమ్మినవారివీ కావు! సిలిండరు, రెగ్యులేటరు చమురు కంపెనీ సొత్తు. డిపాజిట్ కట్టిన ఖాతాదారుని వద్ద అవి అమానతు మాత్రమే. డబ్బిచ్చి నింపించుకున్న గ్యాసు మాత్రం ఆయనది.

అందుచేత సిలిండర్లను ఏజెన్సీకి అప్పగించి డిపాజిట్ తీసుకోమని అమ్మినవారికి చెప్పాము. వాడిన గ్యాసుకు వెల చెల్లించి, తమ పేరిట కనెక్షన్ తీసుకోమని కొన్నవారికి చెప్పాము. ఇద్దరూ సమ్మతించి సలాం చేసుకున్నారు.

అమానతులను హక్కుదారులకు చేర్చాలన్నది నిసా సూరా 58వ ఆయతులోని ఆజ్ఞ. ఇల్లు చేతులు మారేటప్పుడు ఏది ఉంచుతున్నారో, ఏది తీసుకుపోతున్నారో కాగితంపై రాసుకోండి. ఆ నాలుగు వాక్యాలు ఇరుగింటి బంధాన్ని కాపాడతాయి.