దుమ్ము ఎక్కడిది?

సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుకోవడం మనకు తరతరాలుగా వస్తున్న అలవాటు. అటక మీది సామాను కిందికి దిగుతుంది. పొడుగాటి కర్రకు చీపురు కట్టి మూలమూలా బూజు దులుపుతారు. కడగాల్సినవి కడిగి, పారేయాల్సినవి పారేశాక గానీ ఇంటికి పండగ కళ రాదు. సముద్రాలు దాటినా ఆ అలవాటు మనవాళ్లను విడిచిపెట్టలేదు. టెక్సస్‌లోని ఫ్రిస్కోకు వెళ్లినా, న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వెళ్లినా తెలుగువారి ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గరే ఆగుతాయి. ఆర్నెల్లు ఉండి వెళదామని వచ్చిన అమ్మ చేతిలో రెండోరోజుకే తుడుపుగుడ్డ కనిపిస్తుంది.

అయితే అక్కడి ఇళ్లలో ఆ గుడ్డకు అందని చోటు ఒకటుంది. చాలా ఇళ్లలో గదికో ఏసీ ఉండదు. ఇల్లంతటినీ ఒకే వ్యవస్థ ఎండాకాలం చల్లబరుస్తుంది, చలికాలం వెచ్చబరుస్తుంది. ఆ గాలి పైకప్పు మీదుగానో, నేల కిందుగానో, గోడల సందుల్లోంచో పెద్దపెద్ద గొట్టాల్లో ప్రయాణించి గదిగదికీ చేరుతుంది. వీటినే డక్ట్‌లు అంటారు. గదిలో మనకు కనిపించేది వాటి చివర బిగించిన వెంట్ మూత మాత్రమే. ఇల్లు కట్టినప్పుడు అమర్చిన ఆ గొట్టాల్లోకి ఇరవై ఏళ్లయినా ఎవరూ తొంగిచూసి ఉండరు.

“నిన్ననేగా తుడిచాను, మళ్లీ ఇంత దుమ్ము ఎక్కడిదిరా?” అని అమ్మ అడుగుతుంది. కొడుకు తలెత్తి వెంట్ వంక చూస్తాడు. అదే వారం పోస్టు డబ్బాలో ఓ రంగుల కార్డు వచ్చి ఉంటుంది. ఇంట్లోని డక్ట్‌లన్నీ 99 డాలర్లకే శుభ్రం చేస్తామని దాని మీద రాసి ఉంటుంది. పక్కనే రెండు ఫొటోలు. ఒకదాంట్లో బొచ్చులా పేరుకుపోయిన మురికి, రెండోదాంట్లో తళతళలాడే రేకు. కింద, మీ పిల్లలు పీలుస్తున్నది ఏ గాలో ఆలోచించారా అన్న ప్రశ్న. ఇంట్లో ఉబ్బసమో అలర్జీనో ఉన్న పిల్లలుంటే ఆ ప్రశ్న రాత్రి నిద్ర పట్టనివ్వదు.

ఆ ఆందోళనను తేలిగ్గా తీసిపారేయలేం. పిల్లల ఊపిరి మీద బెంగ పెట్టుకోని తల్లిదండ్రులు ఉండరు. కానీ కంటికి కనపడని చోటు గురించి ఎవరేం చెప్పినా నమ్మబుద్ధవుతుంది. అందుకే నిర్ణయానికి ముందు నిదానంగా ఆలోచించాలి.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఇదే ప్రశ్న మీద 1997లో సామాన్య గృహస్థుల కోసం ఓ చిన్న పుస్తకం వేసింది. డక్ట్‌లు శుభ్రం చేయిస్తే జబ్బులు రాకుండా ఉంటాయని రుజువు కాలేదని అందులో స్పష్టంగా చెప్పింది. డక్ట్‌లలో దుమ్ము ఉన్నందువల్ల గదుల్లో దుమ్ము పెరుగుతుందని కూడా అధ్యయనాలు గట్టిగా తేల్చలేదని రాసింది. ఇన్నేళ్లకోసారి చేయించి తీరాలన్న నియమమేదీ పెట్టలేదు, అవసరం కనిపించినప్పుడు చేయించుకోమంది. 1989లో ఏర్పడిన డక్ట్ శుభ్రత సంస్థల సంఘం నాడ్కా మాత్రం మూడు నుంచి ఐదేళ్లకోసారి చేయిస్తే మంచిదంటుంది. ఆ పనే వృత్తిగా బతికేవారు అలా చెప్పడంలో వింతేమీ లేదు. 99 డాలర్ల ప్రకటనలను నమ్మి మోసపోవద్దని హెచ్చరిస్తున్నదీ ఆ సంఘమే.

గొట్టంలో దుమ్ముండి కూడా గదిలోకి రాదా అన్న అనుమానం సహజం. గొట్టం గోడకు పట్టిన పొర చాలావరకు అక్కడే అంటిపెట్టుకుని ఉండిపోతుంది. మనం తుడిచే దుమ్ములో ఎక్కువ భాగం గదుల్లో పుట్టేదో, బయటి నుంచి వచ్చేదో. తివాచీ పోగులు, బట్టల నూలు, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు, బయటి నుంచి వచ్చే మట్టి, పొయ్యి మీది పొగ, దేవుడి ముందు అగరుబత్తి పొగ, అన్నీ అందులో ఉంటాయి. చేతకాని మనిషి వచ్చి గొట్టాన్ని అరకొరగా గీకి వెళితే, అప్పటిదాకా అంటుకుని ఉన్న దుమ్ము ఊడి గదుల్లోకి వస్తుంది. శుభ్రం పేరుతో ఇల్లు మరింత మురికి కావచ్చన్న మాట.

మరి నిజంగా పిలవాల్సింది ఎప్పుడు? ఈపీఏ మూడు సందర్భాలు చెప్పింది. గొట్టాల లోపల గానీ, యంత్రం భాగాల మీద గానీ కంటికి కనిపించేంతగా బూజు పట్టడం ఒకటి. ఎలుకలో పురుగులో లోపల కాపురం పెట్టడం రెండోది. చెత్తాచెదారంతో గొట్టం పూడుకుపోయి, వెంట్‌లోంచి ఆ దుమ్ము గదిలోకి ఎగజిమ్మడం మూడోది. ఈ మూడింట్లో ఏది కనిపించినా తాత్సారం చేయకూడదు. మూడూ కళ్లతో చూసి తేల్చుకోగలిగినవే కావడం మన అదృష్టం.

చూడటం పెద్ద పనేమీ కాదు. నేలలో ఉన్న వెంట్ మూత చాలా ఇళ్లలో చేత్తో పట్టుకుని ఎత్తితే వచ్చేస్తుంది. గోడకో పైకప్పుకో ఉంటే స్క్రూడ్రైవరుతో మరలు విప్పాలి. ఫోన్ టార్చి వేసి లోపలికి చూడాలి. రేకు మీద సన్నటి బూడిదరంగు పొర ఉండి, వేలితో రాస్తే గీత పడిందంటే కంగారు పడనక్కర్లేదు, వాడుకలో ఉన్న ఏ ఇంట్లోనైనా అంత ఉంటుంది. కట్టినప్పుడు పడిపోయిన చెక్కపొట్టో, సున్నపు పెళ్లో, మేకో, పిల్లలు జారవిడిచిన బొమ్మో కనిపిస్తే చెయ్యి పెట్టి తీసేస్తే సరిపోతుంది. నల్లటి మరకలు గుంపులుగా ఉండి ముక్క వాసన వస్తున్నా, బియ్యపు గింజల పొడవున ఎలుక పెంటికలు కనిపించినా అప్పుడు ఫోన్ అందుకోవాలి. నల్లగా ఉన్నదల్లా బూజు కాదు. అనుమానం ఉంటే కాస్త నమూనా తీసి ప్రయోగశాలకు పంపించుకోవచ్చు, అందుకు సుమారు 50 డాలర్లు కావచ్చని ఈపీఏ లెక్క.

గాలిని లోపలికి లాక్కునే పెద్ద జాలీ మీద దుమ్ము దట్టంగా పట్టడం చూసి చాలామంది బెదిరిపోతారు. ఇంటి గాలంతా దానిగుండానే వెళ్తుంది కనుక దుమ్ము అక్కడ ఆగక తప్పదు. దాన్నిబట్టి గొట్టాలు పాడయ్యాయని చెప్పలేం. వాక్యూమ్‌తో లాగేసో, విప్పి కడిగేసో బిగించుకుంటే చాలు.

బూజు దొరికిన ఇంట్లో కూడా గొట్టం కడిగించడంతో పని అయిపోదు. తడి లేనిదే బూజు పుట్టదు. ఏసీ కాయిల్ కింద నీరు పడే పళ్లెం పూడుకుపోయిందా, ఎండకు మండే అటకలో చల్లటి గొట్టానికి చెమట పడుతోందా, పైకప్పు ఎక్కడైనా కారుతోందా అన్నది ముందు వెతకాలి. ఆ తడి ఆరకుండా గొట్టాలు కడిగించడం, కప్పు కారుతుండగా గోడకు సున్నం వేయించడం లాంటిదే. గొట్టం లోపలి ఫైబర్‌గ్లాస్ పొర తడిసి బూజు పట్టిందా, దాన్ని శుభ్రం చేయడం కుదరదు, తీసేసి కొత్తది వేయాల్సిందే. అలాంటి పొర మీద సూక్ష్మజీవులను చంపే మందు కొడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. ఆ వాడకానికి ఈపీఏ ఏ మందునూ నమోదు చేయలేదు.

ఇక పిలిచాక జరగాల్సిన పని గురించి. ఒక్కో వ్యవస్థకు సాధారణంగా 450 నుంచి 1,000 డాలర్లు అవుతుందని ఈపీఏ అంచనా. ఇల్లు ఎంత పెద్దది, గొట్టాలు చేతికి ఎంత అందుతాయి, మురికి ఎంతుంది అన్నదాన్నిబట్టి అది మారుతుంది. నేర్పున్నవాళ్లు గొట్టాలతో ఆగరు. కాయిల్, బ్లోయర్ ఫ్యాను, నీటి పళ్లెం, వెంట్ మూతలు, అన్నీ శుభ్రం చేస్తారు. వీటిలో ఏది వదిలేసినా మిగతావి మళ్లీ మురికవుతాయి. పెద్ద వాక్యూమ్ యంత్రంతో గొట్టంలోని గాలిని బయటికి లాగుతూ, లోపల బ్రష్‌లతో దుమ్మును కదిలిస్తారు. గొట్టానికి చేసిన రంధ్రాలను గాలి పోకుండా మూసి వెళ్తారు. గంటలో ముగిసే పని కాదిది. ఈపీఏ ఆమోదం మాకుందని చెప్పుకునేవారిని మాత్రం నమ్మకూడదు, ఆ సంస్థ ఎవరికీ అలాంటి ఆమోదం ఇవ్వదు.

ఈపీఏ చెప్పిన మూడు సందర్భాల్లో ఏదీ కనిపించకపోతే ఆ డబ్బు ఎక్కడ పెడితే మేలు? మొదటి జవాబు ఫిల్టర్. యంత్రానికి సరిపడే మంచి రకం తెచ్చి, ఒకటి నుంచి మూడు నెలల్లోపు మార్చడం అలవాటు చేసుకోవాలి. పాత ఫిల్టర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, వెలుగు అవతలి నుంచి ఎంత వస్తోందో చూసి దాని గతి చెప్పొచ్చు. చట్రానికీ ఫిల్టర్‌కూ మధ్య సందుంటే మాత్రం ఎంత ఖరీదైనదీ దండగే, గాలి ఆ సందులోంచే దాటిపోతుంది.

రెండోది గొట్టాల అతుకులు. మామూలు ఇంట్లో డక్ట్‌లలో తిరిగే గాలిలో 20 నుంచి 30 శాతం అతుకుల దగ్గర, చిల్లుల దగ్గర వృథాగా పోతుందని అమెరికా ప్రభుత్వ ఎనర్జీ స్టార్ కార్యక్రమం చెబుతోంది. గాలిని లాక్కునే వైపు గొట్టానికి చిల్లుంటే అటకలోనో నేల కిందనో ఉన్న దుమ్మును ఇంట్లోకి లాక్కొస్తుంది. ఆ చిల్లు మూయకుండా గొట్టం కడిగిస్తే ఆర్నెల్లు తిరిగేసరికి మళ్లీ మామూలే. 1998లో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలవారు రకరకాల పట్టీలను, పూతలను పరీక్షిస్తే, డక్ట్ టేప్ పేరుతో అమ్మే గుడ్డ పట్టీయే ఆ అతుకుల మీద నిలవలేకపోయింది. మాస్టిక్ పూతో, రేకు పట్టీయో వేయించాలి.

మూడోది వంటగది. మన వంటలో తాలింపు ఉంది, వేపుడు ఉంది. ఎండుమిర్చి వేగితే ఇల్లంతా దగ్గాల్సిందే. చాలా ఇళ్లలో పొయ్యి మీదున్న ఫ్యాను ఆ పొగను ఓ జల్లెడగుండా తిప్పి మళ్లీ గదిలోకే వదులుతుంది. దాన్ని బయటికి పోయేలా పెట్టించుకుంటే ఇంటి గాలికి అంతకు మించిన మేలు లేదు. ఇంట్లో మరమ్మతులు జరిగేటప్పుడు వెంట్‌లన్నీ మూసి, దుమ్ము ఎత్తేదాకా యంత్రం ఆపేయడమూ ఇలాంటిదే. ఖర్చు లేదు, ఫలితం పెద్దది.

క్యాలెండర్ చూసుకుని చేయించాల్సిన పని కూడా ఒకటుంది. గ్యాస్‌తో నడిచే ఫర్నేస్ ఉన్నవాళ్లు ఏటా చలికాలానికి ముందు దాన్ని తనిఖీ చేయించాలి. అది సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టే అలారం పడకగదుల దగ్గర ఉండి తీరాలి. ఎన్నో ఏళ్లుగా పేరుకున్న దుమ్ముకు భయపడే ఇంట్లో ఈ అలారం బ్యాటరీ అయిపోయి ఉండటం అన్నిటికన్నా బాధాకరం.

ఇక్కడ మన ఇళ్లలో గోడకు తగిలించే స్ప్లిట్ ఏసీలే ఎక్కువ కనుక గొట్టాల బెడద లేదు. అయినా ఇదే తీరు ఆలోచన మనకూ పనికొస్తుంది. ముందరి జాలీని మనమే రెండు వారాలకోసారి కడుక్కోవచ్చు. నీరు గదిలోకి కారినా, వాసన వచ్చినా, చల్లదనం తగ్గినా మెకానిక్‌ను పిలవాలి. వచ్చినవారు గ్యాస్ అయిపోయిందంటే ఎక్కడ లీకవుతోందని అడగాలి. ఏసీలో గ్యాస్ వాడకంతో తరిగిపోదు. లీకు మూయకుండా నింపిన గ్యాస్ మళ్లీ పోతుంది.

ఇల్లు శుభ్రంగా ఉంచుకోవాలన్న తపన మన ఇళ్లకు శోభ. ఆ తపన భయంగా మారితే దుమ్ము కన్నా ముందు డబ్బు పోతుంది, అసలు లోపం అలాగే ఉండిపోతుంది. పిల్లవాడి దగ్గు తగ్గకపోతే ముందు చూపించాల్సింది డాక్టరుకు. డక్ట్‌ల పనికి వచ్చిన మనిషిని రెండు మాటలు అడిగితే చాలు. మురికి ఎక్కడుందో చూపించమనాలి, అది ఎందువల్ల చేరిందో చెప్పమనాలి. ఎండాకాలం టెక్సస్ అటకలోకి పాక్కుంటూ వెళ్లి, చెమటలు కక్కుతూ లోపమేదో వెతికి, టార్చి వేసి చూపించే పనివారు ఉన్నారు. అలాంటివారికి వాళ్ల శ్రమకు తగిన డబ్బు బేరమాడకుండా ఇవ్వాలి. 99 డాలర్లకు లొంగి అలాంటివారిని వదులుకోవడం ఇంటికీ మంచిది కాదు, ఆ వృత్తికీ మంచిది కాదు.