మతి తప్పిన పెద్దల సేవ ఒక్క కోడలి బాధ్యతేనా?

దీర్ఘాయువు అల్లాహ్ ప్రసాదించే వరం. అయితే దివ్య ఖుర్‌ఆన్ ‘నహ్ల్’ సూరా 70వ ఆయతులోను, ‘హజ్’ సూరా 5వ ఆయతులోను మరో వాస్తవాన్ని గుర్తుచేసింది. అన్నీ తెలిసిన మనుషుల్లోనే కొందరు చివరికి ఏమీ తెలియని వయస్సుకు చేరుకుంటారు. ఆ దశకు ‘అర్జలుల్ ఉముర్’ అని పేరు. దైవప్రవక్త (స) దీని నుండి అల్లాహ్ శరణు వేడుకొనేవారు. ఖుర్‌ఆన్ దీన్ని మానవ జీవిత దశల్లో ఒకటిగా పేర్కొన్నదే తప్ప, పాపానికి శిక్షగా చెప్పలేదు.

మన ఇళ్ళలో దీన్ని ఉర్దూలో ‘సఠియా గయే’ అని, తెలుగులో ‘చాదస్తం’ అని తేలిగ్గా అనేస్తాం. వైద్యులు దీన్ని డిమెన్షియా అంటారు. అందులో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్ జబ్బును 1906లో ఒక జర్మన్ వైద్యుడు తొలిసారి వివరించాడు. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మంది దీనితో జీవిస్తున్నారని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. కనుక ఇది దాచుకోవలసిన రహస్యం కాదు, జిన్నుల చేష్టా కాదు. తావీజు కట్టించి ఊరుకోవడం తగదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, తీవ్రమైన దిగులు, కొన్ని రకాల మందుల వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వీటికి చికిత్స ఉంది. పెండ్లిమర్రి వంటి పల్లెలవారు పెద్దలను ముందుగా కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకువెళ్ళి పరీక్ష చేయించాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. మన జిల్లాలో ఎన్నో ముస్లిం కుటుంబాల్లో కొడుకులు కువైట్‌లోనో, సౌదీలోనో ఉంటారు. ఇంట్లో మిగిలేది అత్త, కోడలు, పిల్లలు. అత్త అర్ధరాత్రి తలుపు తీసుకొని వెళ్ళిపోతుంది. అన్నం తిని, తినలేదంటుంది. తన గాజులు కోడలే దొంగిలించిందని ఇరుగుపొరుగు వారికి చెబుతుంది. కొడుకు ఫోనులో తల్లి మాట నమ్మి భార్యను నిలదీస్తాడు. ఆ నింద తల్లిది కాదు, జబ్బుది. ఈ సంగతి అతనికి ఎవరు చెప్పాలి?

తల్లిదండ్రుల ముందు విసుగుతో ‘ఉఫ్’ అని కూడా అనవద్దని బనీ ఇస్రాయీల్ సూరా ఆదేశించింది సంతానాన్ని. అత్తమామల సేవ కోడలిపై షరీఅత్ విధించిన ఫర్జ్ కాదని, అది ఆమె చేసే ఇహ్సాన్ అని హనఫీ ఉలమాలు అనేకులు వివరించారు. ఇలా చెబితే కోడళ్ళు సేవ మానేస్తారని కొందరి భయం. కాని రాత్రింబవళ్ళు ఒంటరిగా అలసిపోయిన మనిషే చివరికి విసుక్కుంటుంది, కసురుకుంటుంది. నెలనెలా డబ్బు పంపినంత మాత్రాన కొడుకు బాధ్యత తీరదు. దగ్గర ఉన్న అన్నదమ్ములు, ఆడబిడ్డలు రోజులు పంచుకోవాలి. కోడలికి కనీసం వారానికి ఒక పూట విశ్రాంతి ఇవ్వాలి.

నమాజు విషయంలోనూ పెద్దలను బాధపెట్టకూడదు. అసర్ చేసి మళ్ళీ చేస్తామంటారు, రకాతులు మరచిపోతారు. నిద్రలో ఉన్నవారికి, చిన్నపిల్లలకు, మతి కోల్పోయినవారికి కర్మల లెక్క లేదని హదీసు తెలుపుతున్నది. చేస్తామంటే చేయనివ్వండి, చేయకపోతే కసరకండి. వాదించకుండా మాట మార్చండి. పొయ్యి దగ్గర ఒంటరిగా వదలకండి. పేరు, ఫోను నంబరు రాసిన చీటీ జేబులోనో, కొంగుకో ఉంచండి.

మస్జిద్ కమిటీలకు కూడా ఇందులో పని ఉంది. ఇమాములు జుమా బయాన్‌లో ఈ జబ్బు గురించి చెప్పాలి. దారి తప్పిన పెద్దను ఇల్లు చేర్చడం మొహల్లా యువకులు తమ పనిగా భావించాలి. వృద్ధుల సహాయానికి 14567, సేవ చేసేవారి మానసిక ఒత్తిడికి 14416 నంబర్లు ఉన్నాయి. వాటిని మస్జిద్ నోటీసు బోర్డుపై రాయించండి.

సోదరులారా! ఈ రోజు జుమా నమాజు ముగిశాక మీ వీధిలో ఇటువంటి ఇల్లు ఉంటే తలుపు తట్టండి. పెద్దల క్షేమంతోపాటు, వారిని చూసుకొంటున్న ఆ బిడ్డ క్షేమం కూడా అడగండి. అల్లాహ్ మనందరికీ ఆ సద్భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.