పారేసే ముందు ఒక్క నిమిషం

"పాడైతే పారెయ్యి, కొత్తది కొనుక్కో" అనే మాట ఈమధ్య మన విద్యార్థుల నోట మరీ ఎక్కువగా వినవస్తున్నది. ఈ మాట నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పాలంటే నా చదువు రోజుల నాటి ఒక ఫ్లాపీ డ్రైవు సంగతి చెప్పవలసి ఉంది.

1997లో నిజామాబాదులో డిగ్రీ చదువుతూ, ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో సికింద్రాబాదు నుంచి విడిభాగాలు తెచ్చి, నేనూ నా మిత్రుడూ ఒక కంప్యూటరు బిగించుకున్నాం. స్విచ్చి వేయగానే ఫ్లాపీ డ్రైవు దీపం వెలిగింది, ఎంతకూ ఆరదు! డ్రైవు పోయిందనుకొని తల పట్టుకొని కూర్చున్నాం. బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసే మా మేనమామ ఆ రోజు మా ఇంటికి వచ్చాడు. ఆయనకు కంప్యూటరు తెలియదు కాని మిషనంటే తెలుసు. "అల్లుడా, మిషను మీద పడకముందు దానికొచ్చే తొవ్వ సూడు. కరెంటు సక్కగ వస్తున్నదా? తీగలు సక్కగ కూసున్నయా?" అన్నాడు. చూస్తే, 34 తీగల రిబ్బన్ కేబులు తిరగేసి పెట్టాం. ఎర్రగీత ఉన్న అంచు ఒకటో పిన్ను వైపు ఉండాలి. తిప్పి పెట్టగానే దీపం ఆరింది. పైసా ఖర్చు కాలేదు.

అసలు చిక్కు తరువాత వచ్చింది. ఆ ఏడు కాలేజీ వార్షిక సంచికకు వ్యాసాలు టైపు చేసే పని మామీద పడింది. రాత్రుళ్ళు కూర్చొని అన్నీ ఫ్లాపీలకెక్కించాం. హార్డ్ డిస్కు చిన్నది గనక ఎక్కించినవి ఎక్కించినట్టే తుడిచేశాం. కాలేజీ లాబులో పెడితే ఒక్కటీ చదవదు. లాబు ఫ్లాపీలు మా ఇంట్లో చదవవు. "లాబు డ్రైవు ఖరాబు" అని అందరి ముందూ అనేశాను. మామ మళ్ళీ అడిగాడు: "మూడో మిషను మీద పెట్టి సూసినవా?"

చూశాం. అక్కడ లాబు ఫ్లాపీలు చక్కగా పనిచేశాయి, మావి పనిచేయలేదు. తప్పు మాదే. లాబులోని అన్నకు క్షమాపణ చెప్పుకున్నాను.

మూడున్నర అంగుళాల ఫ్లాపీకి ఒక్కో వైపు 80 వలయాలుంటాయి. పక్కపక్క వలయాల మధ్య దూరం మిల్లీమీటరులో ఐదో వంతు కంటె తక్కువ. డ్రైవు హెడ్డు సరిగ్గా వలయం మీద నిలవాలి. మాది కాస్త పక్కకు జరిగింది. పక్కకు రాసినది పక్కనే నిలిచి తనే చదువుకొంటుంది, ఇతరులకది అందదు. స్పిరిటుతో హెడ్డు తుడిచి చూశాం, లాభం లేకపోయింది.

"పాతది పారేసి కొత్తది పెడదాం" అన్నాడు మిత్రుడు. మామ ఆపాడు: "దాని రాత దానికే తెలుస్తది గద! దాన్ని పారేస్తే రాసిందంత ఎవడు సదువుతడు?"

మాకు ఒళ్ళు ఝల్లుమంది. హార్డ్ డిస్కులో చోటు చేసుకొని, ముందు ఆ డ్రైవుతోనే అన్నీ దింపుకొన్నాం. ఆ తరువాతే కొత్త డ్రైవు పెట్టి, కొత్త ఫ్లాపీల మీద మళ్ళీ రాశాం. సంచిక సమయానికి వెలువడింది.

ఫ్లాపీల కాలం పోయింది కదా అంటారా? నిజమే. సోనీ వారు 2011లోనే వాటి అమ్మకం ఆపేశారు. నేను ఫ్లాపీని బతికించమనడం లేదు. తప్పెక్కడుందో వెతికే విద్యను బతికించమంటున్నాను. 1937లో నెలకొన్న ఆ చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. మా మామ లాంటి ఫిట్టర్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. వాళ్ళ చేతుల్లోని విద్యను మనం ఏ పుస్తకంలోకీ ఎక్కించుకోలేదు.

అందుచేత యూనియన్ వారికి రెండు మనవులు. కాలేజీ బీరువాల అడుగున పాత ఫ్లాపీలుంటే, పనిచేసే డ్రైవొకటి సంపాదించి వెంటనే నకలు తీయించండి. అయస్కాంతపు రాత ఏటికేడాది పలచబడుతుంది. రెండవది, ఏడాదికొక్కసారైనా పాడైన వస్తువునొకదాన్ని విద్యార్థి చేతికిచ్చి తప్పు పట్టమనండి. తప్పు దొరికాక పారేసినా నాకు అభ్యంతరం లేదు. దొరక్కముందే పారేయడమే తప్పు.