నిల్వకు కట్టే సుంకం

టమాటా కెచప్ పెద్ద చెంచాడు వేసుకుంటే అందులో దాదాపు 4 గ్రాముల చక్కెర ఉంటుంది. టమాటాకు ఇంత తీపి ఎందుకు? జవాబు కోసం అమెరికా దాకా వెళ్లాలి.

20వ శతాబ్దం మొదట్లో అక్కడ కెచప్ పులిసిపోకుండా సోడియం బెంజోయేట్ కలిపేవారు. వ్యవసాయ శాఖలో ముఖ్య రసాయన శాస్త్రవేత్త హార్వీ వైలీ దానిపై ధ్వజమెత్తారు. ఆహార పదార్థాల కల్తీని అరికట్టే చట్టం 1906లో వచ్చింది. హైంజ్ కంపెనీ బెంజోయేట్ మానేసి, బాగా పండిన టమాటాలు ఎంచుకుని, వెనిగర్, చక్కెర పెంచింది. సీసా పాడవలేదు. జనం నాలుకకు ఆ తీపే అలవాటైంది.

సోయా సాస్‌లో ఆ కాపలా ఉప్పుది. పెద్ద చెంచాడులో దగ్గర దగ్గర 900 మిల్లీగ్రాముల సోడియం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి పెట్టిన హద్దు 2000. నూడుల్స్ బండి దగ్గర చెంచా కొలత ఎవరూ చూడరు.

మన ఆవకాయదీ అదే సూత్రం. చాలా ఇళ్లలో ఆవపిండి, కారం, ఉప్పు ఇంచుమించు సమపాళ్లు; పైన నూనె తేలాలి. ఉప్పు ముక్కలోని నీటిని లాగేస్తుంది, నూనె గాలి తగలనివ్వదు. ఉప్పు తగ్గిస్తే జాడీకి బూజు పడుతుంది. కాబట్టి రక్తపోటు ఉన్నవారికి తగ్గించే వీలున్నది జాడీలో ఉప్పు కాదు, కంచంలో ఆవకాయ. చిక్కేమిటంటే, ఆవకాయ మనకు నంజుకునేది మాత్రమే కాదు, అన్నంలో కలుపుకునే కూర కూడా.

రోటి పచ్చడికి ఈ బెడద లేదు. ఆ పూటకో, మర్నాటికో అయిపోయేదానికి రుచికి సరిపడా ఉప్పు చాలు. పారేయాల్సిన బీరకాయ తొక్కు పీచుగా కడుపులోకి వెళ్తుంది, నువ్వులు కాల్షియం తెస్తాయి. పులుసులో పక్కకు ఏరిపెట్టే కరివేపాకును కూడా పొడి చేస్తే ఆకుతో సహా తింటారు. కందిపొడిలోని పప్పులో ఐదో వంతుకు పైగా మాంసకృత్తులే. ఈ పచ్చళ్లు, పొడులు పోషకాల లెక్కలో సాస్‌లకంటే చాలా ముందున్నాయి.

మయోనీజ్‌ది మరో కథ. పెద్ద చెంచాకు 90 నుంచి 100 కేలరీలు, దాదాపు అంతా నూనెవే. పైగా పచ్చిగుడ్డుతో చేసింది త్వరగా చెడుతుంది. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాదిపాటు నిషేధించింది.

కొన్న సీసాల లేబుళ్ల మీద ఉప్పు అని కాక సోడియం అని రాస్తారు. ఆ అంకెను రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో తేలుతుంది. ఇంటి జాడీకి లేబుల్ ఉండదు గనక అక్కడ చెంచాలే లెక్క.