కాపీ కొట్టడం తప్పా?

ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటున్నానంటే అందరూ "అబ్బో" అంటారు. వెర్మీర్ బొమ్మ చూసి వేస్తున్నానంటే మాత్రం "ఓహో, కాపీయా" అని పెదవి విరుస్తారు. మా ఊరు ఉప్పాడలోనూ ఇదే మాట: "సొంతంగా ఏదైనా వెయ్యొచ్చు కదరా!"

అసలు ఈ మాట ఉప్పాడలో వినడమే విచిత్రం. జాందానీ నేత పుస్తకం చదివితే రాదు. మగ్గం మీద పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, గ్రాఫ్ కాగితం మీదున్న బుటాని పోగులు లెక్కపెట్టుకుంటూ చీర మీదకి దించితేనే వస్తుంది. 2009లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న ఆ చీరని ఎవరైనా కాపీ అంటారా?

చిత్రకళలోనూ ఇది కొత్తేం కాదు. 1628లో మాడ్రిడ్ వెళ్ళేనాటికే రూబెన్స్ యాభై దాటిన, బోలెడు పేరున్న చిత్రకారుడు. అయినా అక్కడ కూర్చుని టిషియన్ బొమ్మల్ని కాపీ చేశాడు. 1868లో థియోడర్ జెన్సన్ తిరువనంతపురం ఆస్థానానికి వచ్చినప్పుడు, రవివర్మకి దక్కింది పక్కన నిలబడి చూసే అవకాశం మాత్రమే. ఆ చూపుతోనే చాలా నేర్చుకున్నాడు.

నా మటుకు నాకు దీన్లో కనబడే లాభం ఒకటే. ఎదురుగా మనిషిని కూర్చోబెడితే పోలిక, వెలుగు, రంగు, కుంచె పట్టు అన్నీ ఒకేసారి మీదపడతాయి. పాత బొమ్మలో సగం లెక్కలు మాస్టారు ముందే చేసి పెట్టాడు. మన భాషలో చెప్పాలంటే, రావాల్సిన అవుట్‌పుట్ ఎదురుగా ఉంది, బగ్ ఎక్కడుందో వెతుక్కోవడమే మన పని :)

1665 ప్రాంతంలో వేసిన 'ముత్యపు లోలాకు అమ్మాయి'నే తీసుకోండి. ముక్కుకీ అవతలి చెంపకీ మధ్య గీతే ఉండదు, రెండూ ఒకే రంగులో కలిసిపోతాయి. లోలాకుకి కొక్కెం లేదు. పైన ఒక తెల్ల మచ్చ, కింద కాలరు నీడ, అంతే ముత్యం! వందసార్లు చూసినా పట్టని సంగతి, కుంచె పట్టుకున్న రోజున పడుతుంది.

అయితే కాపీల్లోనూ తేడా ఉంది. ప్రింటు మీద గీతలు దించుకుని రంగులు నింపడం, స్టాక్ ఓవర్‌ఫ్లో కోడ్‌ని అర్థం కాకుండా అతికించడం లాంటిది. పని జరుగుతుంది, విద్య రాదు. ఏఐకి చెబితే బొమ్మ క్షణాల్లో వస్తుంది, మన చేతికి మాత్రం ఏమీ రాదు. ముందు గోధుమరంగుతో వెలుగునీడలు, అవి ఆరాక రంగులు, పై పొరల్లో నూనె ఎక్కువ. ఎందుకంటే కింది పొర కన్నా పైది ముందు గట్టిపడితే బొమ్మ పగుళ్ళిస్తుంది. ఈ 'ఎందుకు'ని కాపీ చెయ్యాలి.

మక్కీకి మక్కీ దించినా ప్రమాదమే. ఇవాళ నల్లగా కనబడే ఆ అమ్మాయి వెనక, నిజానికి వెర్మీర్ వేసింది ఆకుపచ్చ తెర. 2018లో మొదలైన పరీక్షల్లో ఇది తేలింది. అంటే ఫొటో చూసి దించేవాడు మాస్టారితో పాటు మూడున్నర శతాబ్దాల వయసునీ కాపీ చేస్తున్నాడన్నమాట!

కాపీ దగ్గరే ఆగిపోకూడదు కూడా. దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో పాశ్చాత్య పద్ధతి నేర్చుకున్నాడు. తిరిగొచ్చి వేసింది మాత్రం మన మనుషుల్ని, మన కథల్ని. 1925లో ఇరవై ఎనిమిది నిండకుండానే మసూచితో పోయాడు. ఆయన పేరిట గ్యాలరీ రాజమండ్రిలో ఉంది, వీలైతే చూసి రండి.

కాబట్టి కాపీ చెయ్యండి. వెనకాల అసలు చిత్రకారుడి పేరు రాయండి, సొంతమని అమ్మకండి. తర్వాత ఇంట్లోవాళ్ళ మొహం ఒకటి ఎదురుగా పెట్టుకోండి. నేర్చుకున్నదెంతో అప్పుడు తేలుతుంది. మీరేమంటారు?