ఎల్బో దొరకని యంత్రానికి సబ్సిడీ ఎందుకు?

యంత్రం దించే రోజున అందరూ ఉంటారు. డీలరు ఉంటాడు, అధికారి ఉంటాడు, కొబ్బరికాయ కొడతారు, ఫోటో దిగుతారు. మూడో సీజన్‌లో పొగగొట్టానికి చిల్లు పడిన రోజున ఫోన్ ఎత్తేవాడు ఉండడు.

నిజామాబాద్ జిల్లాలో మా సభ్యులు కొందరు కలిసి నడుపుకునే పసుపు షెడ్డులో జరిగింది ఇదే. అక్కడ ఉన్నది విదేశం నుంచి తెచ్చిన కట్టెల బాయిలర్. దాని పొగగొట్టం మలుపు దగ్గర ఉండే ఎల్బో తిని పోయింది. అందులో వింతేమీ లేదు. పచ్చి కట్టె మండితే పొగలోని తేమ, తారు గొట్టంలో చల్లబడి మలుపు దగ్గర పేరుకుంటాయి, ఇనుమును తింటాయి. అరిగే ముక్క అరిగింది. మార్చుకోవాలి, అంతే. డీలరు మాత్రం విడిగా ఎల్బో అమ్మం, గొట్టం సెట్టు మొత్తం కొనాలి, రావడానికి ఐదు వారాలు పడుతుంది అన్నాడు. పసుపు తవ్వాక రెండు మూడు రోజుల్లో ఉడకబెట్టాలి. ఐదు వారాలు కొమ్ములను ఎక్కడ దాచుకోమంటారు?

అందుకని ఎల్బోను సంచిలో వేసుకుని సికింద్రాబాద్ రాణిగంజ్‌కు వచ్చారు. మోటార్లు, పంపులు, వాల్వులు, పైపులు, బేరింగులు, ఏది కావాలన్నా రైతు దిగేది అక్కడే. మేమూ వెంట తిరిగాం. ఒక దుకాణంలో ‘ఆరంగుళాలదే కదా’ అంటూ జీఐ ఎల్బో తీశారు. ఆ ఆరంగుళాలు పైపు లెక్క, బయటి కొలత సుమారు 165 మిల్లీమీటర్లు. ఇంకో చోట రేకుతో చుట్టిన ఆరంగుళాల గొట్టం, అది 152.4. మా చేతిలో ఉన్నది సరిగ్గా 150. రెండున్నర మిల్లీమీటర్ల సందు ఏమిటిలే అనిపిస్తుంది. నీటి పైపైతే చుక్కలు కారతాయి, గుడ్డ కడతాం. ఇక్కడ కారేది పొగ. దానిలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. రాత్రంతా తలుపులు మూసిన షెడ్డులో కట్టెలు వేసే కూలీలు తలనొప్పి అని పడుకుంటే మళ్లీ లేవకపోవచ్చు. (ఒక కుర్రాడు పీవీసీ కూడా చూపించాడు. పాపం, పొగకు అని అతనికి ఎవరూ చెప్పలేదు.)

చివరికి పని చేసింది బాలానగర్‌లోని చిన్న వర్క్‌షాపు. పాత ముక్కను కొలిచి, రేకును నాలుగు ముక్కలుగా కోసి, చుట్టి, వెల్డింగ్ చేసి ఒక్కరోజులో ఇచ్చారు. కాబట్టి మనకు చేతకాక కాదు. కొలతల కాగితం ఎవరి దగ్గర ఉందో వారు ఇవ్వక.

పొగాకు రైతును చూడండి. వర్జీనియా పొగాకు బ్యారన్‌లో కూడా బయట పొయ్యి, లోపల రేకు గొట్టాలు, పైన చిమ్నీ. ప్రకాశంలోనైనా జంగారెడ్డిగూడెం వైపైనా గొట్టం పోతే రైతు ఊళ్లోని రేకుల పనివాడి దగ్గరికి పోతాడు. ఆ గొట్టం కొలత మీద ఏ కంపెనీకీ గుత్త లేదు. పొగాకు మంచిదని మేము అనడం లేదు, ఆ అప్పుల కథ వేరే. కానీ బాగుచేసుకోగల యంత్రం ఎలా ఉంటుందో ఆ బ్యారన్ చూపిస్తోంది.

ప్రభుత్వానికి ఇది తెలియని సంగతా? 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అది ఎంచిన నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. 2025లో మరమ్మతు సూచీ మీద నివేదిక వచ్చేసరికి అందులో మిగిలినవి ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు. నాగలి ఎక్కడ జారిపోయింది? ఫోన్ బాగుకాకపోతే ఒకరోజు మాట ఆగుతుంది, బాయిలర్ బాగుకాకపోతే ఏడాది కష్టం కుళ్లుతుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం రైతుల యంత్రాల కోసమే 2023లో చట్టం చేసింది, 2024 జనవరి 1 నుంచి అమలు. విడిభాగాలు, మాన్యువళ్లు రైతుకు అందివ్వాల్సిందే అని కంపెనీల మెడలు వంచింది. అక్కడ రైతులు పోరాడితేనే వచ్చింది, ఎవరూ దయతలచి ఇవ్వలేదు.

పన్ను సంగతి చూస్తే నవ్వొస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద, కోత యంత్రాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గిందని పండగ చేశారు. మంచిదే. ఇనుప పైపు ఫిట్టింగులకు మాత్రం 18 శాతమే. అది రైతు బాయిలర్‌కు వెళ్లినా, బంజారాహిల్స్ బంగళాకు వెళ్లినా ఒకటే. కొత్తది కొనేవాడికి రాయితీ, పాతది నిలబెట్టుకునేవాడికి వాత.

కనుక మా డిమాండ్లు తేటగా చెబుతున్నాం. సబ్సిడీ జాబితాలో చేరే ప్రతి యంత్రానికి, అరిగే భాగాల కొలతల కాగితం తెలుగులో, మిల్లీమీటర్లలో, యంత్రంతో పాటే రావాలి. పదేళ్లు విడిభాగాలు విడివిడిగా అమ్ముతామని కంపెనీ రాసివ్వాలి. రాసివ్వకపోతే జాబితాలో చోటు ఉండకూడదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో యంత్రాలను పరీక్షించే కేంద్ర సంస్థ ఉంది, బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. ఒక ఎల్బోకు బొమ్మ గీయించడానికి జపాన్ దాకా పోనక్కరలేదు.

అప్పటిదాకా సభ్యులకు ఒక మాట. కొత్త యంత్రం దిగిన రోజున, కొబ్బరికాయకు ముందే వెర్నియర్ పట్టుకోండి. పొగగొట్టం బయటి కొలత, లోపలి కొలత, రేకు మందం, మలుపు కోణం రాసి మండల కార్యాలయంలో ఇవ్వండి. కార్యాలయాల్లో ఒక రిజిస్టర్ తెరుస్తున్నాం. డీలరు ‘సెట్టు మొత్తం కొనాలి’ అంటే అదే మాటను బిల్లు పుస్తకం మీద రాసి సంతకం పెట్టమనండి. ఆ సంతకాలు మాకు పంపండి. వాటిని వ్యవసాయ శాఖ బల్ల మీద పెడతాం.