కాలికి రక్తం అందకపోతే.. శరీరమే కొత్త దారి వేసుకుంటుందా?

నడుస్తుంటే పిక్క పట్టేస్తోందని, కాసేపు నిలబడితే తగ్గుతోందని ఊళ్లో పెద్దవాళ్లు చెబితే 'వయసు కదా' అని వదిలేస్తుంటాం. అది కాలి ధమని పూడుకుపోతోందనడానికి గుర్తు కావచ్చు. పూడిన నాళం పక్కన శరీరం సొంతంగా దారులు వేసుకోగలదు. అయితే అందుకు వారాలు, నెలలు పడుతుంది. ఆ గడువు దొరకడం మీదే కాలు నిలవడం ఆధారపడి ఉంటుంది.

లోపల ఏం జరుగుతుంది?

తల్లాడ-కొత్తగూడెం రోడ్డు జూలూరుపాడు దగ్గర మూసుకుపోయిందనుకోండి. బండ్లు డొంకదారుల్లోకి మళ్లుతాయి. కాలిలోనూ అంతే. పెద్ద ధమని పూడుకుంటే రక్తం పక్కనున్న సన్న నాళాల్లోకి మళ్లుతుంది. ఆ ప్రవాహం ఒరిపిడికి అవి క్రమంగా వెడల్పవుతాయి. కాలికి ఎక్కువ ఆసరా ఇచ్చేవి ఇవే.

రెండోది, కొత్త నాళాలు మొలవడం. ఆక్సిజన్ తగ్గిన కణాల్లో హెచ్ఐఎఫ్ అనే ప్రొటీన్ పోగవుతుంది. దాని ప్రభావంతో వీఈజీఎఫ్ అనే మరో ప్రొటీన్ తయారై, పాత నాళాల నుంచి అతి సన్నని కేశనాళికలు మొలిచేలా చేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే కణాలు ఎలా పసిగడతాయో తేల్చినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో వైద్య నోబెల్ దక్కింది.

ఇంజెక్షన్‌తో పెంచలేరా?

30 దేశాల్లో 525 మందిపై జరిగిన 'టమారిస్' ప్రయోగంలో నాళాలను పెంచే జన్యువును కాలి కండరంలోకి ఎక్కించారు. 2011లో ఫలితాలు వచ్చాయి. కాలు తీసేయాల్సి రావడం గానీ, మరణాలు గానీ తగ్గలేదు. మన దేశంలో బెంగళూరుకు చెందిన స్టెంప్యూటిక్స్ సంస్థ మూలకణాల మందుకు 2020లో అనుమతి వచ్చింది. అది ముదిరిన దశ వారికే.

తొలి దశలో బాగా పనిచేసేది నడక. నొప్పి వచ్చేదాకా నడవడం, ఆగడం, తగ్గాక మళ్లీ నడవడం. ఇలా 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం 3 రోజులు, 12 వారాలు చేస్తే నొప్పి లేకుండా నడిచే దూరం పెరుగుతుంది. పుండు ఉన్నా, కూర్చున్నప్పుడూ నొప్పి వస్తున్నా ముందు డాక్టర్‌ను కలవాలి.

అడ్డుపడేవి ఏవి?

పొగ, షుగర్. అదుపు తప్పిన షుగర్ కొత్త నాళాల పెరుగుదలను దెబ్బతీస్తుంది, స్పర్శ పోయి పుండు తెలియకుండా చేస్తుంది. తునికాకు సేకరించే ఈ అటవీ ప్రాంతంలో బీడీ కొత్త కాదు. పొగాకు అలవాటున్న యువకుల్లో వచ్చే బర్జర్స్ వ్యాధికి మొదటి మందు, పొగాకు పూర్తిగా మానేయడమే. రోజుకు ఒకటి రెండు తాగినా వ్యాధి ముదురుతుంది.

లోటు ఎక్కడ?

ప్రభుత్వ కార్యక్రమంలో 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్, 3 రకాల క్యాన్సర్లకు పరీక్షలున్నాయి. కాలి రక్తప్రసరణ ఆ ఐదింటిలో లేదు. పాదం మీద నాడి చూడటానికి రెండు వేళ్లు చాలు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగించినప్పుడు 0.9 లేదా అంతకంటే తక్కువ వస్తే నాళం పూడినట్టే లెక్క. దీనికి చిన్న డాప్లర్ పరికరం సరిపోతుంది. ఇది పీహెచ్‌సీ స్థాయిలోనే జరిగితే, రోగి పెద్దాసుపత్రికి చేరేసరికి వేళ్లు నల్లబడి ఉండే పరిస్థితి తగ్గుతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

పీహెచ్‌సీలో బీపీ, షుగర్ చూపించుకుని, పాదం నాడి కూడా చూడమని అడగండి. తర్వాత కొత్తగూడెం లేదా ఖమ్మం ప్రభుత్వాసుపత్రి. నాళాల శస్త్రచికిత్స విభాగం హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి రూ.10 లక్షలు. ఏ చికిత్స దాని కిందకు వస్తుందో ఆరోగ్యమిత్రను అడగాలి.

కాలు ఒక్కసారిగా చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కి, భరించలేని నొప్పి వస్తే మాత్రం 108కి ఫోన్ చేయండి. కొత్త దారులు పెరిగే వ్యవధి అప్పుడు ఉండదు. సుమారు 6 గంటల్లోపు రక్తప్రసరణ పునరుద్ధరించాలి.